పూస చెప్పని తాళ్లు

“చెవిపూస తీసేసి ఇంటర్వ్యూకి ఎల్తావా? ఆళ్ల ఇంగ్లీషు నీకెలా తెలుస్తాదే?” భోజనానికి కూర్చున్నప్పటి నుంచీ ధనరాజుది అదే గొడవ. ఉప్పాడలో ఇప్పుడు అందరి చెవుల్లోనూ ఆ పూసే. ఏ దేశం వాళ్లు మాట్లాడినా తెలుగులో వినిపిస్తుంది. అతని కూతురు కాంచన మాత్రం ఓడ ఉద్యోగం కోసం పట్టుబట్టి ఇంగ్లీషు నేర్చుకుంది.

“దాని చదువు నీకేటి తెలుసయ్యా?” అంది భార్య నూకరత్నం.

“పూస సగమే చెబుతాది, నాన్నా. విను. షో హిమ్ ద రోప్స్!” అంది కాంచన.

“అతనికి పని నేర్పు,” అని ధనరాజు చెవిలో పలికింది పూస.

“బాగానే చెప్పిందిగా?”

“తాళ్లు చూపించమన్నాను నాన్నా. తెరచాప ఓడల్లో కొత్తోడికి ముందు ఏ తాడు ఏ చాపదో చూపించేవోరంట. ఆ మాట అక్కడ పుట్టిందంటారు.”

ధనరాజు చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. పడవలు వాటంతట అవి నడవని రోజుల్లో, తండ్రి తన చేతికి మొదట అందించింది కూడా తాడే. ఆ ఒరిపిడి మచ్చ ఇంకా అరచేతిలో ఉంది.

“మన పనేనే అది!” అన్నాడు గర్వంగా. “ఈ పూసకేం తెలుసు?”

పూస తీసి పళ్లెం పక్కన పెట్టి, భార్య వైపు చూసి మెల్లగా చెప్పాడు.

“రేపు అమ్మాయి పూస లేకుండానే ఎల్తాది.”