అక్క అనే మారుపేరు

"అది తీసెయ్ బావా," అన్నాడు బావమరిది, తెరమీద చివరి పేరును వేలితో పొడుస్తూ.

ఆ పేరు 'అక్క'.

కంపెనీ యజమాని బావమరిది. మెయిల్ సర్వర్ చూసుకునేది బావ. పాత సర్వర్ గది మూలన గురక పెడుతోంది. దాని స్థానంలోకి కొత్తది వచ్చింది. దాని అసలు పేరు దగ్గర పేచీ రాలేదు. "మెయిల్ అని పెట్టెయ్. పెద్దదయ్యాక పేరు బాలేదని అలుగుతుందా?" అని బావమరిదే తేల్చేశాడు.

అసలు పేరు ఒక్కటే. మారుపేర్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. దేనికి రాసినా మెయిల్ చేరాల్సిన పెట్టెకు చేరుతుంది. అమ్మకాలు, లెక్కలు, ఫిర్యాదులు కొత్తదాంట్లోకి ఎక్కేశాయి. 'అక్క' దగ్గర బండి ఆగింది. ఆఫీసంతా ఆమెను అలాగే పిలిచేది. బావకు భార్య, బావమరిదికి సొంత అక్క. పోయి ఏడాది కావస్తోంది.

"ఉంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు బావ.

"లేని మనిషికి పెట్టె దేనికి? కొత్తవాళ్లు చూస్తే నవ్వుతారు."

"ఎవరో ఇంకా రాస్తున్నార్రా. రోజూ పొద్దున్నే ఒకటి వస్తోంది."

"ఎవరట?"

"నేను చూళ్లేదు. ఒకరి పెట్టెలోకి తొంగిచూడటం నాకు అలవాటు లేదు. అందులోనూ మీ అక్కది. తెలిస్తే చంపేస్తుంది."

బావమరిది నవ్వలేదు.

"ఎవడో పనిలేనివాడు. తీసెయ్."

"తీసేస్తే ఆ మెయిల్ వెనక్కి పోతుంది. 'ఈ పేరుగలవారు ఇక్కడ లేరు' అని మన సర్వరే చెబుతుంది. ఆ మాట నా చేత చెప్పించకు."

"ఎవరో ఒకరు చెప్పాలి కదా బావా."

"నీది గుండేనా, బండరాయా? తోడబుట్టినవాడివేగా!"

బావమరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"ఆ రాసేది నేనే బావా. ఆస్పత్రికి వెళ్లేముందు అక్క పెట్టుకున్న ఆటోమేటిక్ జవాబు ఎవరూ తీయలేదు. రాసిన ప్రతిసారీ, 'సెలవులో ఉన్నాను, సోమవారం వచ్చేస్తాను' అంటోంది."