నాలుగో గవ్వ

భానుప్రియకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. వదిన చదువులాగా తన చదువు కూడా సగంలో ఆగిపోతుందని.

ఆ భయం ఇప్పుడు పక్క కుర్చీలోనే కూర్చుని, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటోంది. ఆమె నాయన చిన్నపోలయ్య. నెల్లూరులో ఆడపిల్లల కాలేజీ హాస్టలు హాల్లో ఆయనకు ఊపిరాడడం లేదు. అటు పక్కన వదిన, ఒళ్లో పాపను జోకొడుతోంది.

"మంచి చోటు మామా. నన్ను నమ్మండి," అంది వదిన.

"నిన్ను నమ్మే కదా పడవ ఒడ్డున కట్టేసి వచ్చినాను. చూస్తా. ఏదన్నా తేడాగా కనబడిందంటే బిడ్డ పెట్టె మళ్లా ఆటోలోకే."

కొత్తగా చేరిన పిల్లలను జట్టులో కలుపుకునే వేడుక అది. జట్టుకు పెద్ద పుష్పకుమారి, మైకు అక్కర్లేని గొంతుతో మొదలుపెట్టింది.

"మా జట్టు పేరు నాలుగు గవ్వలు. ఎనిమిదేళ్ల కిందట ఈ హాస్టల్లో సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చిన నలుగురు అక్కలు ఉండేవాళ్లు. వాళ్లు అన్నానికి కూర్చుంటే ఎండుచేపల వాసనని పక్కవాళ్లు కంచాలు తీసుకుని లేచిపోయేవాళ్లు. ఒకరోజు ఆ నలుగురూ రొయ్యపొడి డబ్బా బల్ల మధ్యలో పెట్టి, మూత తీసి, అందరినీ పిలిచారు. ఆ రోజు ఎవరూ రాలేదు. వారం తిరిగేసరికి డబ్బా ఖాళీ."

హాలంతా నవ్వింది. చిన్నపోలయ్య కూడా మీసం చాటున నవ్వాడు. "రొయ్యపొడి ముందర ఎవురాగతారు," అన్నాడు.

భాను ఊపిరి పీల్చుకుంది.

"ఈ నీలం దారం సముద్రానికి గుర్తు. దీనికి వేసేది వలముడి, లాగేకొద్దీ బిగుస్తుంది. మా జట్టులో ఎవరూ ఒంటరిగా అన్నం తినకూడదు. అదే మా మొదటి కట్టుబాటు."

భాను మణికట్టుకు దారం కట్టారు. వదిన ఆ ముడిని వేలితో తడిమి, "గట్టిగానే కట్టినారు," అంది.

పుష్పకుమారి పళ్లెంలో గవ్వలు పేర్చింది. మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా. బోర్లా పెట్టిన గవ్వ ముందు దీపం వెలిగించింది.

"ఇది మా నాలుగో అక్క. నలుగురిలో చిన్నది. రొయ్యపొడి డబ్బా తెచ్చింది ఆమే. ఇక్కడ చదువుతుండగానే చనిపోయింది. చనిపోయినవాళ్లను పేరుపెట్టి పిలవకూడదని నాలుగో అక్క అనే అంటాం. అందరూ ఒకసారి లేచి నిలబడండి."

అందరూ లేచారు. చిన్నపోలయ్య లేచి పెట్టె చేతికి తీసుకున్నాడు.

"పా బిడ్డా."

"నాయనా, ఏందిది?"

"చదువుకునే పిల్ల చచ్చిపోయిన చోటంట. ఏమై చచ్చిందో, ఎవురు పట్టించుకున్నారో. ఇక్కడ నిన్ను ఉంచను."

భాను వదిన వైపు చూసింది. వదిన దీపం వైపే చూస్తోంది.

"ఒక్క నిమిషం మామా," అని ఆమె పాపను భుజానికెత్తుకుని ముందుకు నడిచింది. గొంతులో బెరుకు లేదు. "ఏమై చచ్చిపోయిందమ్మా ఆ పిల్ల?"

పుష్పకుమారి మొదటిసారి తడబడింది. "అది మాకు తెలీదక్కా. మిగతా ముగ్గురూ అప్పటికే చదువు ముగించి వెళ్లిపోయారు. సెలవుల తర్వాత ఆమె మంచం ఖాళీగా ఉంటే, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక సీనియరు వంటామెను అడిగిందట."

"వంటామె ఏమన్నది?"

"'ఆ పిల్ల పోయిందమ్మా' అని కళ్లు తుడుచుకుందట. ఆ ఏటి నుంచే ఈ దీపం."

పాప వదిన జడ పట్టుకుని లాగుతోంది. వదిన వెనక్కి తిరిగి, "మామా, పెట్టె దించండి," అంది. చిన్నపోలయ్య ఎందుకో దించేశాడు.

వదిన పుష్పకుమారి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకోసారి ఏ పిల్లన్నా పోయిందని చెప్తే, దీపం పెట్టబాకండి తల్లీ, వాళ్ల ఊరికి పోయి ఒకసారి చూసి రండి. నేను పోయింది అత్తగారింటికి."