మూడో అంతస్తు

థైరాయిడ్ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయా అని అల్మోడా కొండ ఊళ్ల ఆడవాళ్ల మీద ఐదేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. ఇవాళ ఆసుపత్రి మూడో అంతస్తులో వాళ్లకి ఆఖరి పరీక్ష. రెండు వందల మందిలో నూట ఇరవై మంది వచ్చారు. ఒక్కరికీ ఎముక విరగలేదు. రానివాళ్ల పేర్ల పక్కన ‘శ్రద్ధ లేదు’ అని రాసి కొట్టేశాను.

చివరగా ఖిములీ దేవి రొప్పుతూ వచ్చి కూర్చుంది.

“మీ ఊరి జసులీ రాలేదేం? మాత్రలు ఊరికే ఇస్తుంటే ఇంతే మీకు,” అని కసిరాను.

“నాతోపాటే జీపులో వచ్చింది డాక్టరమ్మా. కింద కూర్చుంది.”

“పైకి రావడానికేం నొప్పి?”

“తుంటి నొప్పి. పోయిన కార్తీకంలో గడ్డి కోయబోయి పడితే విరిగింది. మూడంతస్తులు ఎట్లా ఎక్కుద్ది? మీ లిఫ్టు నేనెరిగి ఒక్కనాడూ కదల్లేదు.”

జాబితాలో జసులీ పేరు వెతికాను. కొట్టేసిన గీత కింద కనబడింది.

“సరే, ఆమె ఒక్కతేగా,” అన్నాను.

ఖిములీ కొంగు ముడి విప్పి మేమిచ్చిన మందుల కార్డులు బల్ల మీద పరిచింది. ఏడున్నాయి.

“వీళ్లకీ మాత్రలిప్పించు. అందరూ ఎముకలు విరిగినోళ్లే, కింద మెట్ల మీద కూర్చున్నారు. పొద్దున వాళ్లను దాటుకునేగా నువ్వు పైకొచ్చావు.”