ఫొటో రాని చోట

“ఏంటండీ ఇది?” అంటూ మా ఆవిడ ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది.

ఆవిడ కుట్టు దుకాణం కోసం నేను పనిగట్టుకుని నేర్చుకుని చేసిన వెబ్ పేజీ అది. నా కంప్యూటర్‌లో ఫొటోలతో కళకళలాడింది. ఆ ధీమాతోనే లింకు కస్టమర్లందరికీ పంపేశాను. తీరా చూస్తే ఫొటోలు నా కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి, పేజీ ఒక్కటే ఊరి మీద పడింది. ఫొటోలు ఉండాల్సిన చోట, ఫొటో రాకపోతే కనబడేలా వాటి వెనక నేను రాసిపెట్టిన మాటలు బయటపడ్డాయి.

ఆవిడ మొదటిది చదివింది. “‘మిషను దగ్గర మా ఆవిడ. నోట్లో గుండుసూదులు ఉండబట్టి నోరు మెదపడం లేదు.’ పొద్దున్నుంచి వచ్చినవాళ్ళంతా నా నోటి వంకే చూస్తుంటే ఎందుకా అనుకున్నాను!”

“నా తప్పేం లేదు. చూపు లేనివాళ్ళకి ఈ మాటల్నే కంప్యూటర్ చదివి వినిపిస్తుందట. ఉన్నదున్నట్టు రాయమని క్లాసులో మరీ మరీ చెప్పారు. పాపం, వాళ్ళకి అబద్ధం చెప్పమంటావా?”

ఆవిడ మెత్తబడింది. “నిజమేలెండి. పాపం కదూ.”

నేను ఊపిరి పీల్చుకున్నాను.

“మరి రెండోదో?” అని పేజీని వేలితో పైకి తోసింది. “‘పక్కన దుకాణం యజమాని. ఆరడుగుల ఆజానుబాహుడు. ఒత్తయిన జుట్టు.’”

నా చెయ్యి దానంతటదే బట్టతల మీదికి పోయింది.

ఆవిడ మెడలో వేలాడుతున్న టేపు తీసి సాగదీసింది.

“జుట్టు సంగతి కనిపిస్తూనే ఉంది. గోడకి ఆనుకుని నిలబడండి యజమానిగారూ, ఆ ఆరడుగులేవో కొలుద్దాం.”