నిమిషం మంత్రి

నామినేషన్లకు అది ఆఖరి రోజు. మూడింటికి గేటు మూసేస్తారు. అమర్నాథ్ రెండింటికే నరసరావుపేట మున్సిపల్ ఆఫీసుకు చేరుకున్నాడు.

గేటు దగ్గర కానిస్టేబుల్ మన్సూర్ అందరి ఫోన్లూ తీసుకుని ట్రేలో పెడుతున్నాడు. మాజీ మంత్రిని ఫోను అడగడానికి అతనికి నోరు రాలేదు. అమర్నాథే తీసి ఇచ్చాడు. బడుల్లో ఫోన్లు మాన్పించిన విద్యాశాఖ మంత్రిని నేనే కదా, నా రూలు నాకూ వర్తిస్తుంది అన్నాడు. నలుగురికీ వినపడేట్టే అన్నాడు.

పోటీ చేసేవారు గానీ, ప్రతిపాదించినవారు గానీ స్వయంగా వచ్చి కాగితాలు ఇవ్వాలని గోడ మీద నోటీసు ఉంది. ఆయన దాని వంక చూడలేదు. రూళ్లు రాసినవాడికి రూళ్లు చదివే పనేముంది?

చంకలో ఫైలు ఉంది. సంతకాలన్నీ ముందు రోజే అయిపోయాయి. ఇంటిదగ్గర వ్యాను, డప్పులు, జనం సిద్ధంగా ఉన్నారు. కానీ మధ్యాహ్నం వర్జ్యం పోయేదాకా ఎవర్నీ గడప దాటనివ్వనని తల్లి వీరరాఘవమ్మ భీష్మించుకు కూర్చుంది. మీ వర్జ్యం మీది, నా గడియారం నాది, మీరు తర్వాత రండి అని నవ్వేసి ఒక్కడే బయల్దేరాడు.

అమర్నాథ్ ఒకప్పుడు లెక్చరర్. స్వేచ్ఛ, చదువు అంటూ తిరిగే ఒక చిన్న పార్టీలో చేరాడు. ఆ పార్టీ అండ లేకపోతే ప్రభుత్వం నిలవదన్న రోజున విద్యాశాఖ ఆయన ఒళ్లో వచ్చి పడింది. పరీక్షకు నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వకూడదని పట్టుబట్టింది ఆయనే. అప్పట్నుంచి పల్నాడంతా ఆయన్ని నిమిషం మంత్రి అంది. కొందరు మెచ్చుకుని, కొందరు పళ్లు నూరుతూ. ఆడపిల్ల తన కాళ్ల మీద తను నిలబడాలని ఆయన చెప్పని సభ లేదు.

ఆ తర్వాత గోపాలరావు చేతిలో రెండుసార్లు ఓడాడు. ఓడలు బళ్లవుతాయంటారు. అసెంబ్లీ నుంచి మున్సిపల్ వార్డు దాకా దిగాడు. ఇక్కడ గెలిచి ఛైర్మన్ కుర్చీ పడితే మళ్లీ లేవచ్చు. ఇదీ పోతే జనం తన పేరు కూడా మర్చిపోతారని ఆయనకు నిజంగానే భయంగా ఉంది. అందుకే సందుసందుకీ ఫ్లెక్సీలు కట్టించాడు. వాటి మీద ఆయన నిలువెత్తున దండం పెడుతుంటాడు. ఒక మూల ఆయన భార్య ఉష, పోస్టల్ స్టాంపంత.

ఎన్నికల అధికారి ఫరా చిన్న వయసు మనిషి. ముందున్నవాళ్ల కాగితాలు చూస్తూనే ఆయనకు కుర్చీ వేయించింది.

మూడయింది. మన్సూర్ రేకు గేటు మూసి గడియ పెట్టాడు. అంతలోనే వీధి మలుపులో డప్పులు మోగాయి. ఆ మోత దగ్గరికొచ్చి గేటు అవతల ఆగింది. ఎవరో గేటు బాదుతున్నారు. ఆడగొంతులు ఏదో అరుస్తున్నాయి గానీ డప్పుల హోరులో ఒక్క ముక్కా తెలియడం లేదు.

గోపాలరావు మందే అని పైకే అన్నాడు అమర్నాథ్. కిరాయికి ఆడవాళ్లను తోలుకొచ్చే హడావిడిలో టైము చూసుకోలేదు పాపం. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఆయన ముఖం వెలిగిపోయింది.

మన్సూర్ లోపలికొచ్చాడు. "చానామంది ఆడోళ్లు ఎండలో నిలబడ్డారు మేడం. తీయమంటున్నారు."

ఫరా గోడ గడియారం చూసింది. ఆమె గురజాలలో పదో తరగతి రాసింది ఈ నిమిషం మంత్రి రోజుల్లోనే. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తడం ఇంకా మర్చిపోలేదు.

"ఒక్క నిమిషమే కదా సార్. పైగా గోపాలరావుగారు..."

అమర్నాథ్ చెయ్యెత్తాడు. ఎదుటివాళ్లను మాట పూర్తి చెయ్యనివ్వడం ఆయనకు మంత్రిగా ఉన్నప్పుడే పోయిన అలవాటు.

"ఏందమ్మా, నిమిషమే అంటావు? మాచర్లలో ఒక పిల్ల గేటు పట్టుకుని ఏడుస్తుంటే నా కళ్లతో చూశా. కడుపు తరుక్కుపోయింది. అయినా తియ్యనియ్యలా. ఆ పిల్లకో రూలు, వీళ్లకో రూలా?"

ఫరా మళ్లీ ఏదో చెప్పబోయింది. గేటు తీస్తే కోర్టుకెక్కుతానన్నాడు. ఉద్యోగం సంగతి చూసుకోమన్నాడు. ఆమె తీయొద్దని మన్సూర్‌కు సైగ చేసింది.

గేటు బాది బాది వాళ్లకే విసుగొచ్చినట్టుంది. డప్పులు మాత్రం మోగుతూనే ఉన్నాయి. ఎన్నేళ్లకు తన రూలు తనకు అక్కరకొచ్చిందని అమర్నాథ్ మురిసిపోయాడు. వరస రాగానే లేచి, ఫైలు రెండు చేతులా బల్ల మీద పెట్టాడు.

"గోపాలరావుగారి కోడలు పొద్దున్నే వేసి వెళ్లింది సార్. ఇందాక అదే చెప్పబోయాను" అంటూ ఫరా ఫైలు తెరిచింది.

అమర్నాథ్ గేటు వైపు తిరిగి చూశాడు.

"ఇది ఆడవాళ్ల వార్డు కదా సార్, ప్రతిపాదించిన మీ అమ్మగారు రాకపోతే పోనీ, పోటీ చేసే మీ ఆవిడ ఏరీ?" అని అడిగింది ఫరా.