తొమ్మిదో నంబరు నీళ్లు

మూసీ మూసారాంబాగ్ వంతెన ఎక్కిన ఏడు అది. ఎల్బీ నగర్ అవతల గోల్ఫ్ మైదానంలో గడ్డికి నీళ్లు పెట్టే పని నాది. నీళ్లు విడవమని మోటారు గది నుంచి అన్ని స్ప్రింక్లర్లకూ కబురు మోసేది ఒకటే జంట వైరు. వరదకు అది తొమ్మిదో నంబరు స్ప్రింక్లర్ దగ్గర తెగింది. రాత్రి అతుకుదామని పోయాను. ఒక్క కప్పా అరవడం లేదు. అలవాటే కదా అని టార్చి వెయ్యకుండా, వైరు పెట్టె మూత తీసి చెయ్యి పెట్టబోయాను. పక్కనే నేలలోంచి స్ప్రింక్లర్ లేచి నీళ్లు మొహాన కొట్టాయి. వెనక్కి జరిగి టార్చి వేశాను. పెట్టెలో నాగుపాము పడగెత్తి ఉంది.

మోటారు గదిలో ఉన్న జగన్‌కు ఫోన్ చేశాను. "నీళ్లెందుకు ఇడిసినవ్‌రా?"

"నేనెట్ల ఇడుస్త పెద్దయ్యా? వైరు ఇంకా తెగే ఉన్నది గద."

నీళ్లు ఆగిపోయాయి.

తెల్లారి, దసరా దాకా ఆగకుండా, ఆ స్ప్రింక్లర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. వైరు తర్వాత అతికాను.