కంపు మొక్క

“కంపు మొక్క అని పేరు పెడుతున్నారట. ఆ మాట తీసెయ్యండి బాబూ.”

గుమ్మంలో ఎవరో ముసలాయన. చంకలో తగరపు డబ్బా, దానిమీద తడిగుడ్డ.

వృక్షశాస్త్రవేత్తకు ముక్కుమీదే కోపం. వాసనతోనే మొక్కను పోల్చుకుంటానని గొప్ప కూడా. ఆఫీసులో చాటుగా ఆయన్ని ‘ముక్కుగారు’ అంటారు.

ఆయన ముందు అట్టకంటించిన ఎండుమొక్క ఉంది; ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని కొత్త జాతి. రెండేళ్ళ కిందట టపాలో వానకు తడిసి, ముక్కిపోయి వచ్చింది. పంపినవారి పేరు చెరిగిపోయింది. “ఆ మహానుభావుడెవరో దొరికితే చేతులు పట్టుకుని దండం పెడతాను” అని ఆయన అందరితోనూ అనేవాడు.

“ఎవరు చెప్పారు నీకు?”

“బయట గుమాస్తాగారు.”

“ఫీటిడా. లాటిన్ మాట. కంపు కొట్టడం అనే క్రియలోంచి పుట్టిన విశేషణం. అర్థమైందా?”

“కానీ అది కంపు కొట్టదు బాబూ.”

“నా ముక్కుకే పాఠాలా? మొక్కలమ్ముకునేవాడివి నీకేం తెలుసు?”

“పోనీ, తప్పైతే తర్వాత మారుస్తారా?”

“ఒకసారి అచ్చయితే దేవుడు దిగొచ్చినా మారదు. తప్పైనా సరే, అంతే. అది మా నియమం.”

ముసలాయన మొహం పాలిపోయింది.

“అయితే అచ్చు కాకముందే ఒక్కసారి ఈ గుడ్డ తీసి...”

“నడువు బయటికి!”

ముసలాయన డబ్బాను వరండాలో పెట్టి, గుడ్డ తీసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి గదంతా తియ్యటి వాసన. ముక్కుగారు టైపిస్టు మీద విరుచుకుపడ్డాడు.

“ఆఫీసుకి సెంటు పూసుకొస్తావా?”

“నేను కాదు సార్” అంది ఆమె, ఏడుపు గొంతుతో.

“సార్, ముసలాయన డబ్బా వదిలేసిపోయాడు” అన్నాడు స్వీపరు.

“చెత్తలో వేసి తగలబెట్టు.”

స్వీపరు అలాగే చేశాడు.

నెలకు పేరు అచ్చయింది. ముక్కుగారు పత్రిక సంచిలో పెట్టుకుని, బతికున్న మొక్కను ఫొటో తీయడానికి, టపా ముద్రలో కనిపించిన ఊరి గుట్టకు వెళ్ళాడు.

గుట్ట లేదు. రాళ్ళు కొట్టేసిన గొయ్యి ఉంది.

“ఆ మొక్కా? ఇక్కడ తప్ప ఎక్కడా లేదనేవాడు మా కాపలా తాత” అన్నాడు క్వారీ మేస్త్రి. “పూస్తే కిందిదాకా ఘుమఘుమలాడేది సార్. ఆఖరిదాన్ని పేలుడుకి ముందురోజు డబ్బాలోకి తీసి, ఎవరికో చూపిస్తానని పట్నం వెళ్ళాడు.”

ముక్కుగారు పత్రిక ఉన్న సంచిని వెనక్కి జరుపుకున్నాడు.

“ఆయన... ఎక్కడ?”

“పోయిన వారమే పోయాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చి మంచం పట్టాడు. పాపం, రెండేళ్ళ కిందట దాన్నే ఎండబెట్టి, అట్టకంటించి, టపాలో మీబోటి వాళ్ళకెవరికో పంపింది కూడా ఆయనే.”